పాత వాద్యములందలి ప్లాస్టిక్ భాగములు: క్షయము, చికిత్స

గుండ్లకమ్మ యొడ్డున నున్న అద్దంకి మొదలుకొని అటు ఒంగోలు, చీరాలల వరకును, ఇటు నరసరావుపేట, గుంటూరుల వరకును గల ప్రత్తి, మిరప పండు సీమలో పద్యనాటకము లేని తిరునాళ్ల ఒకప్పుడు ఊహకు అందనిది. పాండవోద్యోగ విజయములకైనను, బలిజేపల్లి లక్ష్మీకాంతము గారి సత్య హరిశ్చంద్రీయమునకైనను తెర లేవకమునుపే శ్రోత చెవిని సోకునది హార్మోనియపు శ్రుతి. నటుడు పద్యమును ఎత్తుకొనుటకును, రాగము తీసి నిలుపుటకును, ఊపిరి తీసికొను క్షణమున పాట తెగిపోకుండుటకును ఆధారము ఆ పెట్టెయే. ఆనాటి పెట్టెలు కొన్ని నేటికిని మన ఇండ్లలో, భజన మందిరములలో, నాటక సమాజముల గదులలో మిగిలియున్నవి. వానిలో పెక్కింటికి పట్టిన జబ్బు ఒక్కటే. మెట్లపై నున్న తెల్లని రేకులు పసుపెక్కి, పగిలి, ఒక్కొక్కటిగా ఊడిపోవుచున్నవి.

ఈ స్థితిలో గృహస్థులు సాధారణముగా రెండు దారులలో నొకటి పట్టుదురు. మెట్లు పోయినవి గనుక పెట్టెయే పోయినదని తలచి పాత సామానులవానికి ఇచ్చివేయుట ఒకటి. చేతికి దొరికిన జిగురును, స్పిరిటును, నూనెను ప్రయోగించి తామే బాగుచేయబూనుట రెండవది. ఈ రెండింటివలనను నష్టమే. రోగమెట్టిదో తెలిసికొన్నచో వైద్యము కష్టము కాదు. కావున ఆ రేకులు ఏ పదార్థముతో చేయబడినవి, అవి ఏల చెడును, వానిని నిలుపుటెట్లు, నిలుపరాని యెడల మార్చుటెట్లు అను విషయములను ఇచట మేము వివరింప దలచితిమి.

మొదట పెట్టె చరిత్ర కొంత తెలియవలెను. హార్మోనియమునకు పారిస్ నగరవాసి అలెగ్జాండర్ దెబెన్ 1842లో హక్కుపత్రము పొందెను. కాలితో తొక్కు ఆ పెద్ద వాద్యమును, నేలపై కూర్చుండి ఒక చేత తిత్తిని ఆడించుచు రెండవ చేత వాయించుకొను చిన్న పెట్టెగా మలచిన ఖ్యాతి కలకత్తాలోని ద్వారకానాథ్ ఘోష్ గారిది. పంతొమ్మిదవ శతాబ్ది చివరి పాదమున జరిగిన ఈ మార్పుతో హార్మోనియము దేశమంతటను వ్యాపించినది. ఆంధ్రదేశమున పర్యటించిన ధార్వాడ నాటక సమాజముల వరుసలను మనవారు అందిపుచ్చుకొనిరి. క్రమముగా పద్యనాటకమునకు హార్మోనియము ప్రాణమైనది.

రేడియో శ్రోతలకు ఆసక్తి కలిగించు మరియొక సంగతి కలదు. గమకము పలుకదనియు, స్వరస్థానములు మన సంగీతమునకు సరిపడవనియు చెప్పి ఆకాశవాణి 1940 మార్చి 1వ తేదీనుండి ఈ వాద్యమును తన కేంద్రములనుండి బహిష్కరించినది. 1971లో గాని ఆ నిషేధము సడలలేదు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ప్రారంభమైన నాటికి ఆ నిషేధము అమలులోనే యున్నది. రేడియోలో చోటు లేని ఆ మూడు దశాబ్దములలో పెట్టెను కాపాడినది పల్లెటూరి నాటక రంగస్థలము, భజనమందిరము. నేడు మన చేతులలో శిథిలమగుచున్న పెట్టెలలో అనేకము ఆ కాలమువే. ఇవి కేవలము కొయ్యయు ఇత్తడియు కావు. మన సంగీత చరిత్రలో ఒక అధ్యాయమునకు సాక్షులు.

ఇక మెట్లపై రేకుల మాట. పాశ్చాత్య వాద్యములందు తెల్లమెట్లకు ఏనుగు దంతమును అంటించెడివారు. దంతము ప్రియమగుటచే దానికి బదులుగా మానవుడు కల్పించిన మొదటి పదార్థములలో సెల్యులాయిడ్ ముఖ్యమైనది. ఇంగ్లండు దేశీయుడు అలెగ్జాండర్ పార్క్స్ 1862లో లండను ప్రదర్శనశాలలో ఇట్టి పదార్థమును చూపెను. అమెరికాలో జాన్ వెస్లీ హయత్ దానిని మెరుగుపరచి 1870లో హక్కులు పొందెను. బిలియర్డు బంతులకు దంతమునకు బదులు వెదకుటయే ఆయన ప్రయత్నమునకు మూలము.

ఆ సెల్యులాయిడ్ ఎట్లు తయారగునో వినినచో మన ప్రత్తి సీమవారికి ఆశ్చర్యము కలుగక మానదు. శుభ్రపరచిన ప్రత్తిని నత్రికామ్లము, గంధకికామ్లము కలిపిన ద్రవములో నానబెట్టి, కడిగి, దానికి కర్పూరమును చేర్చి, వేడితో ఒత్తిడితో ముద్దచేసి రేకులుగా తీయుదురు. సుమారు నాల్గవ వంతు కర్పూరమే. ప్రత్తివత్తియు కర్పూరమును మన పూజామందిరమున హారతికి చేరు వస్తువులు. ఆ రెండును కలిసి హార్మోనియము మెట్టెక్కినవి. వత్తికిని కర్పూరమునకును గల స్వభావము ఆ రేకును విడువలేదు. అది సులభముగా అంటుకొని భగ్గున మండును. కర్పూరము మూత లేని డబ్బాలో ఎట్లు నానాటికి తరిగిపోవునో, రేకులోని కర్పూరము కూడ అట్లే ఏండ్ల తరబడి గాలిలో కలిసిపోవుచుండును.

కర్పూరము పోయిన కొలదిని రేకు కుంచించుకొనును, పెళుసగును. కొయ్య కుంచించుకొనదు గనుక రేకు అంచులు పైకి లేచి, నడుమ నెరియలు వారును. ఇది మొదటి దశ. రెండవ దశ ఇంతకంటె తీవ్రము. ప్రత్తితో కూడియున్న నత్రజని భాగము వేడివలనను, వెలుతురువలనను మెల్లగా విడివడి ఆవిరియగును. ఆ ఆవిరి గాలిలోని తేమతో కలిసి ఆమ్లమగును. ఆ ఆమ్లము తాను పుట్టిన రేకునే తిని, మరింత ఆవిరిని పుట్టించును. అనగా జబ్బు తనకు తానే ఎరువు వేసికొని పెరుగుచుండును. ముదురు పసుపు రంగు, జిగట చెమట, ఘాటైన వాసన, అద్దపు పగుళ్ల వంటి లోపలి నెరియలు, తుదకు పొడి పొడిగా రాలుట దాని వరుస.

మన సీమ వాతావరణము ఈ క్షయమునకు మిక్కిలి అనుకూలము. వేసవిలో ఉష్ణము 40 డిగ్రీలు దాటును. రేకుల కప్పు క్రింద నున్న గదిలో ఆ వేడి ఇంకను ఎక్కువ. అక్టోబరు, నవంబరులలో ఈశాన్య ఋతుపవనము, వాయుగుండములు తేమను మోసికొనివచ్చును. ఎండ పగుళ్లు తెచ్చును, వాన ఆమ్లమును తెచ్చును. దీనికి తోడు ప్రత్తి నూగు, మిరప దుమ్ము మెట్ల సందులలో చేరి తేమను పట్టియుంచును.

ఇందు అసలైన ప్రమాదము మెట్టుది కాదు, మెట్టు పొరుగుననున్న వానిది. ఆమ్లపు ఆవిరి ఇనుప మరలను తుప్పు పట్టించును, ఇత్తడిపై పచ్చని చిలుము కట్టించును. హార్మోనియమునకు గొంతుక ఇత్తడి రీడ్లే. రీడు నాలుక బరువులో వెంట్రుకవాసి భేదము వచ్చినను శ్రుతి మారును. గాలి సోకకుండ పెట్టెను గుడ్డలో చుట్టి, మూతవేసి, ట్రంకులో బంధించి భద్రపరచినామని మనము తలంతుము. ఆ బంధనమే ఆవిరిని లోపల నిలిపి, మెట్టు చేయు కీడును రీడువరకు చేర్చును. చెడుచున్న సెల్యులాయిడ్ గల వాద్యమును ఎన్నడును గాలి చొరని చోట ఉంచరాదు. ఈ ఒక్క మాట పాటించినను సగము వైద్యము జరిగినట్లే.

అయితే తెల్లని ప్రతి రేకును సెల్యులాయిడ్ కాదు, నల్లని ప్రతి ముక్కయు ఎబొనైట్ కాదు. చికిత్సకు ముందు పరీక్ష అవసరము. బొటనవ్రేలితో రేకును కొంతసేపు గట్టిగా రుద్ది వెంటనే వాసన చూడవలెను. కర్పూరపు వాసన వచ్చినచో సెల్యులాయిడ్. గంధకము, రబ్బరు కలిసిన వాసన వచ్చినచో ఎబొనైట్. కార్బాలిక్ మందు వాసన వచ్చినచో బేకలైట్. ఏ వాసనయు లేక, పలుచగా, తేలికగా నుండినచో తరువాతి కాలపు అక్రిలిక్ వంటి ప్లాస్టిక్ కావచ్చును. వేడి సూదితో గ్రుచ్చి చూచుట, అగ్గిపుల్ల గీచి చూచుట కొందరి అలవాటు. సెల్యులాయిడ్ విషయమున ఇది ప్రాణాపాయకరము. ఆ పని చేయనేరాదు.

ఎబొనైట్ అనగా గంధకమును అధికముగా చేర్చి కాచి గట్టిపరచిన రబ్బరు. క్లారినెట్ మూతి భాగము, కొన్ని వయొలిన్ల గడ్డపు పట్టు దీనితో చేయబడినవి. వెలుతురు తగిలిన కొలది దీని నలుపు గోధుమ పచ్చ వన్నెకు దిగును. పైపొరలోని గంధకము తేమతో కలిసి ఆమ్లమగును. కనుక వేడినీటితో కడుగుట తగదు. పొడి గుడ్డతో తుడిచి చీకటి పెట్టెలో ఉంచుటయే దాని ఆయుష్షు.

పాలనుండి కూడ ప్లాస్టిక్ పుట్టినదన్నచో కొందరికి నమ్మకము కలుగదు. పాల విరుగుడునుండి తీసిన కేసీన్ అను పదార్థమును ఫార్మలిన్ ద్రవములో ఊరబెట్టి గట్టిపరచుట పంతొమ్మిదవ శతాబ్ది చివర జర్మనీలో కనిపెట్టబడినది. బొత్తాములకును, కొన్ని పియానో, అకార్డియన్ మెట్లకును దీనిని వాడిరి. ఇది నీటిని త్రాగి ఉబ్బును, ఎండి పగులును. కావున తడిగుడ్డ దీనికి శత్రువు.

బేకలైట్ మన పాఠకులకు చిరపరిచితము. లియో బేక్లండ్ 1907లో రూపొందించిన ఈ పదార్థముతోనే పాత వాల్వు రేడియోల పెట్టెలు, మరలు, మీటలు చేయబడెను. ఇది ఒకసారి గట్టిపడిన పిదప మరల కరగదు. దీని లోపల కొయ్యపొడి కలిసియుండును. పైనున్న నున్నని పొర అరిగిపోయినచో ఆ కొయ్యపొడి బయటపడి తేమను పీల్చి వన్నె తగ్గును. కనుక ఉప్పు కాగితముతోను, బూడిదతోను, సోడాతోను తోమరాదు. రేడియో తీగను గోడనుండి ఊడదీసి, ఆరిన పిదప, పిండిన తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్ది, కొంచెము తేనెమైనపు పాలిషు రుద్దినచో నల్లని తళుకు తిరిగివచ్చును. విరిగిన మీటను రెండు గొట్టములలో వచ్చు ఎపాక్సీ జిగురుతో అతికింపవచ్చును. వాల్వు రేడియో వెనుక మూతను తీయుట మాత్రము పని తెలిసినవారికే వదలవలెను.

ఇక హార్మోనియము వైద్యమునకు వత్తము. రేకులు పసుపెక్కినను గట్టిగా, పొడిగా, నున్నగా ఉన్నచో వానిని మార్చనక్కరలేదు. పసుపు వన్నె వయస్సు గురుతు, జబ్బు గురుతు కాదు. మెత్తని కుంచెతో సందులలోని దుమ్మును దులిపి, ఒక్క చుక్క మెత్తని సబ్బు కలిపిన నీటిలో గుడ్డను ముంచి గట్టిగా పిండి, ఒక్కొక్క మెట్టును తుడిచి, అప్పటికప్పుడు ఆరబెట్టవలెను. స్పిరిట్, అసిటోన్, గోళ్లరంగు తీయు ద్రవము తగిలినచో రేకు కరగును. కొబ్బరినూనె దుమ్మును పట్టును. నాఫ్తలీన్ ఉండల ఆవిరి కొన్ని ప్లాస్టిక్కులను మెత్తబరచి మచ్చ వేయును. ఎండలో పెట్టి తెల్లబరచుట మొదటికే మోసము.

రేకు జిగటగా నున్నదా, నెరియలు వారినదా, ప్రక్క మరకు పచ్చని చిలుము పట్టినదా అని చూడవలెను. సందేహము కలిగినచో బడి ప్రయోగశాలలలో వాడు నీలి లిట్మస్ కాగితమును తడిపి రేకుపై తాకింపవలెను. అది ఎర్రబారినచో ఆమ్లము పుట్టినదని అర్థము. ఆ రేకును ఏ మందును తిరిగి బ్రతికింపజాలదు. పైన వార్నిషు పూసి కప్పుట పుండును మూసి కట్టు కట్టినట్లు. దానిని తీసివేసి క్రొత్తది వేయుటయే మార్గము.

తీయుటకు ముందు మెట్లకు వరుస సంఖ్యలు వేయవలెను. పెట్టెను బట్టి మెట్లు 37, 39, 42 వరకు ఉండును. ప్రతిదానికి తన స్థానము, తన మలుపు వేరు. కొయ్యపై సీసపు కడ్డీ పెన్సిలుతో అంకె వేసినచో తికమక ఉండదు. గదిలో దీపము, పొయ్యి, బీడీ ఏదియు ఉండరాదు. పలుచని మొద్దు బారిన కత్తిని రేకు క్రిందికి దూర్చి మెల్లగా లేపవలెను. దంతపు రేకులను లేపుటకు ఇస్త్రీ పెట్టె వేడిని వాడుట కొన్నిచోట్ల కలదు. సెల్యులాయిడ్ వంద డిగ్రీలకు లోపే మెత్తబడి, మరికొంత వేడికి మండును గనుక ఇచట ఆ పద్ధతి ఎంతమాత్రమును పనికిరాదు. యంత్రముతో గీకుట కూడ తగదు. ఆ రాపిడి వేడికి రేకు పొడి అంటుకొనగలదు. గీకవలసివచ్చినచో తడి ఉప్పు కాగితముతో చేతితోనే గీకవలెను.

తీసిన రేకులను పోగుచేసి పొయ్యిలో వేయుట, చెత్తతో కాల్చుట మిక్కిలి ప్రమాదము. వానిని నీటిలో మునుగునట్లు ఒక పాత్రలో ఉంచి, ప్రమాదకర వ్యర్థములను సేకరించువారికి అప్పగింపవలెను.

క్రొత్త రేకునకు అక్రిలిక్ పలక మేలు. ఇచట మందము ముఖ్యము. పాత రేకు మందమును కాలిపర్సుతో కొలిచి అంతయే మందము గలదానిని తేవలెను. మెట్టు ఎత్తు పెరిగినచో పక్కనున్న నల్లమెట్టు మునిగినట్లై వ్రేలికి అందదు. తగ్గినచో వాయించువాని అలవాటు చెడును. కొయ్యను చదును చేసి, వడ్రంగులు వాడు నీటి ఆధారపు తెల్లని జిగురును పలుచగా పూసి, సమముగా బరువు పెట్టి ఒక రాత్రి విడువవలెను. నున్నని అక్రిలిక్‌కు జిగురు పట్టుటకు లోపలి ముఖమును కొంచెము గరుకు చేయవలెను. ముందుగా ఒక మెట్టుకు వేసి చూచి, పట్టు కుదిరినదని తేలిన పిదపనే మిగిలినవానికి పూనుకొనవలెను. అంచులను చేతితో గుండ్రముగా నునుపు చేయనిదే వ్రేలికి గీతలు పడును.

అసలు దంతమునే వేయింపవచ్చును గదా అని కొందరు అడుగవచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దానికి 1986లోను 1991లోను వచ్చిన సవరణలు మన దేశమున దంతపు వ్యాపారమునకు తలుపులు మూసినవి. ఆ నిషేధము న్యాయమైనదియే. పూర్వము ఉన్న దంతమును ఉన్నట్లే కాపాడుకొనుట వేరు, క్రొత్తది కోరుట వేరు.

తరువాతి కాలమున వచ్చిన ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెలకు, కీబోర్డులకు వేరొక జబ్బు కలదు. వాని తెల్లని గుల్ల వెలుతురువలన పసుపెక్కును. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి వెలుతురులో ఉంచి తెల్లబరచు పద్ధతి ప్రచారమున ఉన్నది. అది తాత్కాలికము. కొంతకాలమునకు పసుపు మరల వచ్చుట కలదు, పైపొర బలహీనపడుటయు కలదు. శ్రుతికి దానితో సంబంధము లేదు గనుక ఆ పనికి తొందర పడనక్కరలేదు. వానిలో బ్యాటరీలను విడిచి మరచిపోకుండుట మాత్రము తప్పనిసరి. అవి కారినచో లోపలి తీగలు పాడగును.

ఇట్లు భాగములను మార్చినచో వాద్యము అసలుది కాకుండ పోదా అను శంక సహజము. దీనికి సమాధానము మన వీణయందే కలదు. వీణకు ఇరువది నాలుగు లోహపు మెట్లు. అవి మైనము, గుగ్గిలము, మసి కలిపిన నల్లని ముద్దపై నిలిచియుండును. వేడికి ఆ మైనము జారును, మెట్టు స్థానము తప్పును. అప్పుడు పాత మైనమును తీసి మేళము మరల కట్టింతురు. మేళము కట్టించినంత మాత్రమున అది మన తాతగారి వీణ కాదని ఎవరును అనరు. పనస కొయ్య కుండ, దండి నూరేండ్లు నిలుచును. మైనము కొన్ని యేండ్లకే మారును. ప్రతి భాగమునకు తనదైన ఆయుష్షు కలదని మన వాద్యకారులు మొదటినుండియు ఎరుగుదురు. ప్లాస్టిక్ వచ్చిన పిదప, అది శాశ్వతమను భ్రమలో మనము ఆ ఎరుకను మరచితిమి.

అద్దంకిలో దొరికిన పండరంగని శాసనము క్రీ.శ. 848 నాటిదని పండితులు నిర్ణయించిరి. రాతిపై చెక్కిన ఆ తెలుగు పద్యము పదకొండు వందల యేండ్లకు పైగా నిలిచినది. ప్రత్తి, కర్పూరము కలిపి చేసిన రేకు మనిషి ఆయుష్షు పాటి నిలుచుటయే గొప్ప. కావున ఏది నిలుపదగినదో, ఏది మార్చదగినదో వివేచించి చేయవలెను. రీడ్లు, కొయ్య, తిత్తి, గాలిగది ఇవి పెట్టెకు గొంతుకయు ఊపిరియు. వానిని మార్చుటకు వెనుకాడవలెను. రీడును గీకి శ్రుతి చేయు పని ఎరిగిన చేతికే అప్పగింపవలెను. మెట్టుపై రేకు వ్రేలికి చెప్పు వంటిది. అరిగినచో మార్చుటలో చిన్నతనము లేదు.

తుదిగా ఒక సూచన. మార్పు చేసిన దినమును, ఏ మెట్లకు ఏ పదార్థము వేసినదియు, ఏ జిగురు వాడినదియు ఒక చీటిపై వ్రాసి పెట్టె లోపల కొయ్యకు అంటింపుడు. ఆరోగ్యముగా నున్న పాత రేకు ఒకటి రెండు మిగిలినచో వానిని తీసివేయక వాని మెట్లపైననే ఉంచుడు. ఇరువది, ముప్పది యేండ్లకు మరల మూత తెరచువానికి ఆ చీటి దారి చూపును. పెట్టెను ఎండ తగులని, గాలి ఆడు చోట ఉంచి, వారమున కొకమారైనను తిత్తి కదలించి వాయించుచుండుడు. వాయించు పెట్టెలో వచ్చిన తేడా వెంటనే చెవికి తెలియును. మూలబడిన పెట్టెలో వచ్చిన తేడా అది పాడైన పిదపనే తెలియును.